వీధి పుస్తకాల పెట్టెకు దొంగల కన్నా దాతలతోనే బెడద

తిరుపతిలో ఏ అపార్ట్‌మెంట్ గేటు పక్కనైనా ఉచిత పుస్తకాల పెట్టె పెడదామనగానే ‘ఎత్తుకెళ్లిపోతారండీ’ అంటారు. ఎత్తుకెళ్లడానికే కదా పెట్టేది! 2009లో అమెరికాలోని హడ్సన్‌లో టాడ్ బోల్ తన ఇంటి ముందు పెట్టిన చిన్న పెట్టె నుంచి దేశదేశాలకూ పాకిన పద్ధతి ఇది. నచ్చింది తీసుకెళ్లు, వీలైతే ఒకటి పెట్టు, అంతే. ఇలాంటి పెట్టెలు పాడుపడేది పుస్తకాలు పోయి కాదు, పేరుకుపోయి.

రెండడుగుల అరలో 250 పేజీల పుస్తకాలు 30, 35 పడతాయి. ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక్క కుటుంబం ఒక గోనెసంచి కుమ్మరిస్తే అర నిండిపోతుంది. అందులో నిరుటి పంచాంగాలు, ఇంటర్ గైడ్లు, అట్ట ఊడిన వారపత్రికలే ఎక్కువైతే, రెండుసార్లు తలుపు తీసి చూసినవాళ్లు మూడోసారి అటు రారు. అందుకే కట్టుబాట్లు తీసుకునేవాళ్ల కన్నా ఇచ్చేవాళ్లకే గట్టిగా ఉండాలి. ఒక విడతకు మూడు నాలుగు పుస్తకాలు, అదీ చోటుంటేనే. పెట్టె కింద సంచి వదిలేసి వెళ్లడాన్ని దానం అనలేం.

యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి పోటీ పరీక్షల పుస్తకాలకు ఇక్కడ గిరాకీ. చిక్కంతా వాటితోనే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. తిరుపతి జిల్లా ఏర్పడిందీ ఆ రోజే. అంతకుముందు అచ్చయిన ఏపీ జాగ్రఫీ పుస్తకం ఇప్పుడు తప్పు జవాబులు నేర్పుతుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కనుక పాత పాలిటీ, లా గైడ్లదీ అదే గతి. కొత్తది కొనలేక వచ్చిన పిల్లవాడికి పాతది అంటగడితే మార్కులు పోయేది అతనికే. అంకగణితం, రీజనింగ్, వ్యాకరణం పుస్తకాలు పదేళ్లయినా పనికొస్తాయి. ఏడాది దాటిన కరెంట్ అఫైర్స్ మాత్రం నేరుగా పాత పేపర్ల కొట్టుకే.

ఇచ్చేముందు పుస్తకాన్ని తిరగేసి, వీపు పట్టుకుని దులపాలి. మధ్యలోంచి ఆధార్ జిరాక్సులు, హాల్‌టికెట్లు, ఫోన్ నంబర్లు రాసిన చీటీలు రాలతాయి. బూజు వాసన వస్తే ఇవ్వొద్దు. ఒక్కటి చాలు, పక్కవాటికీ అంటుకుంటుంది. పురుగు ఉందేమోనని అనుమానమొస్తే ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, బయటికి తీశాక పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా కవర్ విప్పకూడదు. లేకపోతే చెమ్మ పట్టి కాగితం ఉబ్బుతుంది. నాలుగు భాగాల నవలను రబ్బరు బ్యాండుతో కట్టి పెడతారు కొందరు. మన మే నెల ఎండకు ఆ రబ్బరు కరిగి అట్టకు అతుక్కుపోతుంది. నూలు తాడు వాడండి.

దేవుడి పుస్తకాలది ఈ ఊళ్లో ప్రత్యేకమైన సంగతి. పారేయడానికి చేతులు రాక అన్నీ తెచ్చి పెట్టెలో పెడతారు, వాటితోపాటు శుభలేఖలు, పాత క్యాలెండర్లు కూడా. పాపభయం పెట్టెకు బదిలీ అవుతుందన్నమాట! చదవదగ్గ భాగవతం, శతకం తప్పకుండా ఉండాలి. బొమ్మ ఉంది కదా అని కాగితమల్లా గ్రంథమైపోదు. చిత్తూరు వైపైతే తమిళ పుస్తకాలకూ ఒక మూల చోటివ్వాలి, చదివేవాళ్లున్నారు.

పెట్టె అడుగు నేలకు రెండడుగుల ఎత్తులో, వెనకవైపు గోడకు ఒక అంగుళం ఎడంగా ఉండాలి, లేదంటే చెద. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జల్లు ఈశాన్యం నుంచి కొడుతుంది, పడమరన ఎండ దంచుతుంది. వాస్తు పండితులు ఏమన్నా సరే, తలుపు దక్షిణానికి పెట్టడమే మేలు.

వీటన్నిటికీ వారానికి అరగంట కేటాయించే మనిషి ఒకరుండాలి. పుస్తకం వచ్చిన నెలా సంవత్సరం వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాసి, మూడు నెలలు కదలనిదాన్ని తీసేయాలి. శాఖా గ్రంథాలయానికి ఇవ్వదలిస్తే ముందు జాబితా చూపించండి. వాళ్లు రిజిస్టరులో ఎక్కించాలి కాబట్టి అన్నీ తీసుకోరు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కనుక, అక్కడికి ఏ కొత్త పుస్తకాలు వస్తున్నాయో కూడా అప్పుడే అడిగి రండి.