డిష్‌కు ఎర్త్ కడితే పిడుగును పిలిచినట్టేనా? ఆ మెసేజ్ నమ్మొద్దు

తిరుపతిలో కొర్లగుంట చుట్టుపక్కల గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. నాకే ఐదారుగురు పంపించి "నిజమేనా అన్నా?" అని అడిగారు. అందులో ఉన్న మాటలు ఇవీ: మిద్దె మీది డిష్‌కు ఎర్త్ కడితే పిడుగును పిలిచినట్టే. కట్టాలనుకుంటే విడిగా రాడ్డు పాతి దానికే కట్టండి, ఇంటి ఎర్త్‌తో కలపొద్దు. రాడ్డుకు చోటు లేకపోతే నీళ్ల పైపుకో, న్యూట్రల్‌కో కట్టండి. ఉరుములొస్తే రిమోట్‌తో బాక్స్ ఆపేస్తే చాలు.

వైరింగ్ పని చేసేవాడిగా చెబుతున్నాను, రెండో మాటా మూడో మాటా ప్రాణం తీయగలవు. దయచేసి ఇంకెవరికీ పంపకండి.

ముందు పిడుగును పిలిచే సంగతి. మబ్బు నుంచి దిగే మెరుపు ఎక్కడ పడాలన్నది నేలకు చివరి కొన్ని పదుల మీటర్ల ఎత్తులోనే తేలుతుంది. అక్కడ లెక్కకొచ్చేది ముఖ్యంగా ఎత్తు, ఆకారం. రెండడుగుల డిష్‌కు ఆకుపచ్చ వైరు కట్టినంత మాత్రాన దాని ఎత్తు పెరగదు. పైగా ఎర్త్ లేని డిష్ దేనికీ తగలకుండా ఉందా అంటే, అదీ లేదు. కేబుల్ తొడుగు కింద ఉండే లోహపు అల్లిక సెట్‌టాప్ బాక్స్‌లోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ వైరు మీదుగా టీవీలోకి వెళ్తోంది. దారి ముందే ఉంది. అది మీ హాల్లోంచి పోవాలా, బయటి గోడ వెంబడి భూమిలోకి పోవాలా అన్నదే మనం తేల్చుకోవాలి.

ఒక మాట ఒప్పుకోవాలి. నేరుగా డిష్ మీదే పడిన పిడుగు నుంచి ఈ వైరు మీ బాక్స్‌ను కాపాడుతుందని నేను చెప్పను. మామూలు పిడుగులోనే 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది. ఎర్త్ చేసే పని వేరు: దగ్గర్లో ఎక్కడో పడ్డ పిడుగుకు కేబుల్‌లో పుట్టే సర్జ్‌ను, అంటే ఒక్కసారిగా ఎగసే కరెంటును, పొడిగాలికి డిష్ మీద చేరే ఛార్జ్‌ను భూమిలోకి దించడం. కేబుల్ కనెక్టర్ ముట్టుకుంటే వేలికి జివ్వుమనడం మీకు తెలిసే ఉంటుంది. రెండు పిన్నుల అడాప్టర్‌లోని కెపాసిటర్ల గుండా లీకయ్యే కొద్దిపాటి కరెంటు అది. ఎర్త్ ఉంటే అదీ పోతుంది. మిద్దె అంచున నిలబడి డిష్ తిప్పేవాడికి ఆ చిన్న జివ్వు కూడా అడుగు తప్పడానికి చాలు.

ఇక విడి రాడ్డు. తిరుచానూరు రోడ్డులో ఒక ఇంట్లో చూశాను. ఎవరో డిష్‌కు వేరే రాడ్డు పాతి వెళ్లారు. వీధి చివర పిడుగు పడింది. టీవీదీ బాక్స్‌దీ హెచ్‌డీఎంఐ సాకెట్లు రెండూ నల్లగా మాడిపోయాయి, ఇంట్లో ఇంకేదీ పోలేదు. ఎందుకో లెక్క వేసి చూడండి. మన రాతి ఎర్రనేలలో ఎండాకాలం రాడ్డు రెసిస్టెన్స్ 20 ఓంలు అనుకుందాం. దానిలోకి 1,000 ఆంపియర్లు దిగినా 20,000 వోల్టులు. డిష్, కేబుల్, బాక్స్ అంతా ఆ వోల్టేజీకి లేస్తుంది. మూడు పిన్నుల టీవీ మాత్రం ఇంటి ఎర్త్ వోల్టేజీ దగ్గరే ఉంటుంది. ఆ తేడా అంతా టీవీ వెనక కలుస్తుంది. ఆ సమయంలో అక్కడ ఒక పిల్లవాడి చెయ్యి ఉంటే?

రెండు ఎర్త్‌లనూ కలిపేస్తే ఇంట్లోవన్నీ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. తీగ మీద వాలిన కాకికి షాక్ కొట్టనిది ఇందుకే. విడిగా రాడ్డు పాతితే తప్పు కాదు, దాన్ని ఇంటి ఎర్త్ పిట్‌తో (ఇంటి ఎర్త్ దిగే గుంతతో) కలపకపోవడం తప్పు. పిడుగు రక్షణకు మన దేశంలో పాటించే ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణం కూడా కలపమనే చెబుతుంది.

నీళ్ల పైపు మాట తేలిగ్గా తేలిపోతుంది: ఇప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి ప్లాస్టిక్ పైపులు, వాటిలో కరెంటు పారదు. పాత ఇనప పైపైతే ఆ వోల్టేజీ బాత్‌రూమ్ కుళాయి దాకా వస్తుంది. న్యూట్రల్ ఇంకా ఘోరం. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజు మీ డిష్, బాక్స్ అన్నిటికీ 230 వోల్టుల కరెంటే వస్తుంది.

రిమోట్‌తో ఆపితే ప్లగ్గూ ఊడదు, కేబులూ ఊడదు. కొండ మీద మబ్బు కమ్ముతున్నప్పుడే, లేదా పుణె ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ హెచ్చరించినప్పుడే, ప్లగ్గు, కేబుల్ రెండూ పీకేయండి. ఉరుము వినబడ్డాక మాత్రం వాటిని ముట్టుకోవద్దు.

ఎర్త్ కట్టించేటప్పుడు మేస్త్రీని ఇవి అడగండి. కేబుల్ ఇంట్లోకి దూరే చోట, బయటే, ఎర్త్ బ్లాక్ (కేబుల్ అల్లికకు ఎర్త్ తీగను కలిపే చిన్న లోహపు ముక్క) బిగించాలి. ఐఈసీ 60728-11 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కేబుల్ అల్లికను కలిపే రాగి తీగ 4 చదరపు మిల్లీమీటర్లు, డిష్ స్టాండు నుంచి పిడుగు కోసం దించే రాగి తీగ 16 ఉండాలి. విడి రాడ్డును పిట్‌తో కలపడానికీ నేను 16 వాడతాను. తీగ పొట్టిగా, నిటారుగా దిగాలి. మిగిలిన తీగను చుట్ట చుట్టి గోడకు తగిలించనివ్వకండి. సర్జ్ మైక్రోసెకనుకు 10,000 ఆంపియర్ల వేగంతో లేస్తే, మీటరు తీగకే సుమారు 10,000 వోల్టులు నిలుస్తాయి. ఎండాకాలంలో పిట్‌లో అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్లు పోయండి.