ఆస్టిన్‌లోని రాళ్ల బోర్డు గారికి

భూగర్భ నిపుణులకు లైసెన్సులిచ్చే మహారాజశ్రీ టెక్సాస్ ప్రొఫెషనల్ జియోసైంటిస్టుల బోర్డు వారికి,

ఉభయకుశలోపరి. మా బావ హ్యూస్టన్‌లో ఒక ఆయిల్ కంపెనీలో జియాలజిస్టు. భూమి కింద చమురు ఎక్కడుందో చెప్పడమే ఆయన పని. మీ లైసెన్సు లేదు, ఉందా అని అడిగినవాళ్లూ లేరు. వాళ్ల ఎదురింటావిడా జియాలజిస్టే. పెట్రోలు బంకుల పాత ట్యాంకులు కారి నేలా నీళ్లూ ఎంత పాడయ్యాయో చూసి రిపోర్టు రాస్తుంది. ఆవిడకు మాత్రం మీ లైసెన్సూ, దాంతో వచ్చే ముద్రా ఉండాల్సిందే. భూమిలోంచి చమురు తీసేవాళ్లకు అక్కర్లేదు, భూమిలోకి కారిన చమురు వెతికేవాళ్లకు కావాలి!

2001లో ఈ లైసెన్సు చట్టం రాసినప్పుడే ప్రైవేటు కంపెనీల కోసం చమురు, గ్యాసు, ఖనిజాలు వెతికేవాళ్లను మినహాయించారు. గోదావరి జిల్లాల్లో వరి రైతుల్ని వదిలేసి రైతు సంఘం పెట్టినట్టుంది. న్యాయం లేకపోలేదు లెండి. చమురు బావి ఎండితే నష్టం కంపెనీది, నీళ్లు పాడైతే తాగేది జనం. కానీ ఆ జనాన్ని కాపాడే ఖర్చంతా ఎదురింటావిడలాంటి వాళ్ల నెత్తిన పడింది.

లైసెన్సు కావాలంటే డిగ్రీలో 30 సెమిస్టర్ గంటల భూగర్భ శాస్త్రం చదువు, ఐదేళ్ల అనుభవం, పరీక్షలు. ఆ పరీక్షలూ మీవి కావు, రాష్ట్రాల బోర్డులన్నిటి జాతీయ సంఘానివి. దాని ఫీజు వేరు. దరఖాస్తుకు ఫీజు, ఆపైన ఏటా రెన్యువల్‌కు ఫీజు.

పోనీ ఆ డబ్బు మీ దగ్గరే ఉంటుందా? రాష్ట్ర ఖజానాలో పడుతుంది. రెండేళ్లకోసారి శాసనసభ కూర్చుని మీకు ఇంత అని విదిలిస్తుంది. జీతమంతా అత్తగారి చేతిలో పెట్టి, బస్సు చార్జీలకు మళ్లీ ఆవిడనే అడిగే కోడలి బతుకు మీది. గవర్నరు నియమించే మీ తొమ్మిది మందినీ చూస్తే జాలేస్తుంది.

పైగా మీకో ఎక్స్‌పైరీ డేటు. 1977 నాటి సన్‌సెట్ చట్టం ప్రకారం, శాసనసభ గడువు పొడిగించకపోతే మీ దుకాణం మూతే. మీ ఆయుష్షు తేల్చే ఆ సభ కూర్చునేది గ్రానైట్ మౌంటెన్ అనే కొండ ఎర్రరాయితో కట్టిన భవనంలో. వంద కోట్ల ఏళ్లు దాటిన ఆ రాయి పేరు, నవ్వకండి, ‘సన్‌సెట్ రెడ్’. క్వారీవాళ్లు ఊరికే ఇచ్చారు. రాళ్ల వ్యవహారంలో ఆ రాష్ట్రానికి ఉచితంగా దొరికింది అదొక్కటేనేమో.

మా అనంతపురం వైపు బోరు వెయ్యాలంటే కొందరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతారు. కాయ లేచి నిలబడ్డ చోట పాయింటు. పరీక్ష లేదు, రెన్యువల్ లేదు. నీళ్లు పడకపోతే కాయ మీద ఫిర్యాదు తీసుకునే ఆఫీసూ లేదు. మా చిన్నాన్న అలా మూడు బోర్లు వేయించాడు, మూడూ దుమ్మే. మొన్న మీ ఫీజుల సంగతి చెబితే కాసేపు ఆలోచించి, “చవకే కదరా” అన్నాడు.

ఇట్లు,
లైసెన్సు లేని జియాలజిస్టు గారి బావమరిది