ఆపరేషన్ నేర్పితే చాలదు, ‘ఆడొద్దు’ అనడం నేర్పాలి

2014 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్. జర్మనీ మిడ్‌ఫీల్డర్ క్రిస్టోఫ్ క్రామర్ తలకి అర్జెంటీనా డిఫెండర్ భుజం బలంగా తగిలింది. కింద పడ్డాడు, వైద్య సిబ్బంది వచ్చి చూశారు, లేచి మళ్లీ ఆటలోకి వెళ్లాడు. కాసేపటికి రిఫరీ నికోలా రిజోలి దగ్గరికి వెళ్లి ‘ఇది ఫైనలేనా?’ అని అడిగాడు. రిఫరీ కంగారుపడి జర్మనీ ఆటగాళ్ల చెవిన వేశాడు. క్రామర్‌ని బయటికి తీసుకెళ్లేసరికి దెబ్బ తగిలి దాదాపు పావుగంట అయింది.

ఫుట్‌బాల్‌లో అంతకంటే పెద్ద మ్యాచ్ లేదు. డాక్టర్లకి కొదవ లేదు. అయినా ఆ కుర్రాడికి తానెక్కడున్నాడో తెలియడం లేదని ముందుగా పసిగట్టింది విజిల్ ఊదే మనిషి. స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఉన్నత శిక్షణ గురించి చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ పావుగంటే గుర్తొస్తుంది.

ఈ శిక్షణ అవసరమా అన్న వాదన ఎప్పుడో తేలిపోయింది. అంతర్జాతీయ స్పోర్ట్స్ మెడిసిన్ సమాఖ్య పుట్టింది 1928లో. బ్రిటన్ 2005లో దీన్ని విడి స్పెషాలిటీగా గుర్తించింది, మరికొన్ని దేశాలు అదే దారి పట్టాయి. ఫెలోషిప్‌లు, డిప్లొమాలు, ఆన్‌లైన్ కోర్సులు చాలానే వచ్చాయి. వాటిలో ఏం నేర్పుతున్నారన్నదే ఇప్పుడు అడగాల్సింది. చాలాచోట్ల స్పోర్ట్స్ మెడిసిన్ అనగానే ఆర్థ్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చేసే కీళ్ల ఆపరేషన్, గుర్తొస్తుంది. శిక్షణలో చేసిన పని రాసుకునే లాగ్‌బుక్‌లో లెక్కకొచ్చేది ఆపరేషన్లే. మైదానం పక్కన గడిపిన గంటలు, అక్కడ తీసుకున్న నిర్ణయాలు ఎవరి లెక్కలోకీ రావు. ఉన్నత శిక్షణ అన్న మాటకి అర్థం ఉండాలంటే దాని నడిబొడ్డున ఉండాల్సింది అవేనని నా వాదన.

మోకాలి సంగతే చూడండి. పరిగెడుతూ ఒక్కసారిగా పక్కకి తిరిగిన ఆటగాడు ‘టప్’మన్న శబ్దం విని కూలబడతాడు. మొదటి కొన్ని నిమిషాలు ఆ మోకాలు పరీక్షకి లొంగుతుంది. వాపు ఇంకా రాలేదు, కండరాలు బిగుసుకోలేదు. డాక్టర్ గడ్డిలో కూర్చుని ఒక చేత్తో తొడని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మోకాలి కింద ఎముకని ముందుకి లాగుతాడు. ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్ బాగుంటే ఆ ఎముక టక్కున ఆగుతుంది. తెగితే ఆగాల్సిన చోట ఆగకుండా మెత్తగా జారిపోతుంది. ఆ తేడా చేతికి తెలుస్తుంది. గంటలు గడిచేకొద్దీ లోపల రక్తం నిండి మోకాలు ఉబ్బిపోతుంది, ముట్టుకోబోతేనే కాలు బిగుసుకుంటుంది. మర్నాడు ఎంత పేరున్న సర్జన్‌కైనా ఆ పరీక్ష అంత నమ్మకంగా కుదరదు, స్కాన్ కోసం చూడాల్సిందే. థియేటర్‌లో వందల కేసులు చేసినా ఆ నిమిషాల్లో చేసే పని చేతికి రాదు. మ్యాచ్‌లు నడుస్తుండగా ఒక సీనియర్ పక్కన సీజన్ల తరబడి నిలబడితేనే వస్తుంది.

వడదెబ్బ విషయంలోనూ ఇంతే. పరుగు పందెంలో సోలిపోయి మాట తడబడుతున్న మనిషిని చూడగానే ఎవరికైనా అంబులెన్స్ ఎక్కించాలనిపిస్తుంది. కానీ శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిందంటే ముందు అక్కడికక్కడే చల్లటి నీళ్ల తొట్టెలో ముంచి వేడి దించాలి, ఆసుపత్రి ఆ తర్వాత. చుట్టూ జనం ‘తీసుకెళ్లండి, తీసుకెళ్లండి’ అని అరుస్తుంటే, ముందెన్నడూ తన చేత్తో ఆ పని చెయ్యని డాక్టర్‌కి ఆపే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది?

మందుల దగ్గరికొస్తే నాకు మరీ బాధ కలిగించే కథ ఒకటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రొమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్ ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచింది. వయసు 16. జలుబుగా ఉందంటే జట్టు డాక్టర్ మామూలు మాత్ర ఇచ్చాడు. అందులో సూడోఎఫిడ్రిన్ ఉంది, ముక్కు దిబ్బడ తగ్గించే ఆ మందు అప్పట్లో ఆటగాళ్లకి నిషేధం. డోపింగ్ పరీక్షలో దొరికింది, పతకం వెనక్కి తీసుకున్నారు. అప్పీలు చేసినా తిరిగి రాలేదు. ఆ మాత్ర ఆ అమ్మాయి తనకు తానుగా కొనుక్కున్నది కాదు. నమ్మిన డాక్టర్ ఇచ్చాడు, మింగింది. అదే సూడోఎఫిడ్రిన్‌ని 2004లో నిషేధ జాబితా నుంచి తీసేశారు, 2010లో పరిమితి పెట్టి మళ్లీ చేర్చారు. జాబితా ఏటా జనవరి 1న కొత్తది అమల్లోకి వస్తుంది. ఒకసారి పరీక్ష పాసై జీవితాంతం గోడకి తగిలించుకునే సర్టిఫికెట్ ఈ పనికి ఎలా సరిపోతుంది? కొన్నేళ్లకోసారి మళ్లీ పరీక్ష రాయించాలి, తప్పదు.

ఇంత శిక్షణ పెడితే డాక్టర్లు దొరకరని, అనుభవమున్న ఆర్థోపెడిక్ సర్జన్‌కి చిన్న కోర్సు చాలని కొందరంటారు. కొరత ఉన్నమాట నిజమే. కానీ ఆటగాళ్ల గాయాల్లో చాలావాటికి ఆపరేషనే అక్కర్లేదు. పైగా తలదెబ్బ, గుండె, వడదెబ్బ, డోపింగ్, తిండి చాలక నెలసరి ఆగిపోయిన అమ్మాయి, వీటిలో ఏదీ ఎముకల వార్డులో నేర్పరు. పేరుకి డాక్టర్ ఉన్నాడన్న భరోసాతో అందరూ నిశ్చింతగా ఉంటారు, అదే ఎక్కువ ప్రమాదం.

అసలు సంగతి ఇంకా లోతుగా ఉంది. 2015 ఆగస్టులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో చెల్సీ, స్వాన్సీ మ్యాచ్ చివరి నిమిషాల్లో ఒక చెల్సీ ఆటగాడు కింద పడ్డాడు. రిఫరీ పిలిస్తే చెల్సీ జట్టు డాక్టర్ ఎవా కార్నీరో లోపలికి పరిగెత్తింది. చికిత్స తీసుకున్న ఆటగాడు కాసేపు బయటికి వెళ్లాలి కాబట్టి, అప్పటికే పది మందితో ఆడుతున్న జట్టు తొమ్మిదికి తగ్గింది. కోచ్ జోసె మౌరీనియో ఆమెను బహిరంగంగా తప్పుపట్టాడు. ఆ తర్వాత ఆమె క్లబ్‌కి దూరమైంది. 2016లో కేసు రాజీ అయ్యాక క్లబ్ క్షమాపణ చెప్పింది, కానీ ఆ బెంచీ మీదికి ఆమె మళ్లీ రాలేదు. పడిపోయిన మనిషి దగ్గరికి వెళ్లడమే ఆమె చేసిన పని.

వైద్య విద్య అంతా గదిలో ఇద్దరే ఉంటారన్న లెక్కతో నడుస్తుంది: రోగి, డాక్టర్. జీతమిచ్చే మూడో మనిషి గురించి పాఠం లేదు. ఫ్యాక్టరీ డాక్టర్ కార్మికుణ్ని ‘ఫిట్’ అని రాసేటప్పుడు, బీమా కంపెనీ డాక్టర్ క్లెయిమ్ చూసేటప్పుడు, జైలు డాక్టర్ ఖైదీని పరీక్షించేటప్పుడు ఆ మూడో మనిషి గదిలోనే ఉంటాడు. డాక్టర్ ఎవరి మనిషి అన్నది మన కాలపు వైద్యంలో పెద్ద ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతాను. మిగతాచోట్ల అది తలుపుల వెనక జరిగిపోతుంది. మైదానంలో వేల కళ్ల ముందు జరుగుతుంది. అందుకే పాఠం అక్కడ మొదలుపెట్టాలంటున్నాను. జట్టు డాక్టర్‌ని నియమించే, తీసేసే అధికారం కోచ్ చేతిలో ఉండకూడదు. ఆటగాడి వైద్య వివరాల్లో కోచ్‌కి ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో శిక్షణలోనే రాసి చూపించాలి.

ఈ శిక్షణ పొందే డాక్టర్లకి పెట్టే పరీక్ష కూడా మారాలి. తలదెబ్బకి వాడే స్కాట్-6 పరీక్ష సరిగ్గా చెయ్యాలంటే కనీసం 10-15 నిమిషాలు పడుతుంది. ఆట మధ్యలో అంత టైమ్ దొరకదు, అనుమానం మీదే నిర్ణయం తీసుకోవాలి. కాబట్టి అభ్యర్థిని నిజంగానే మైదానం అంచున నిలబెట్టండి. ఆట ఇంకో ఐదు నిమిషాలు ఉంది. పదిహేడేళ్ల కుర్రాడు చీలమండ పట్టుకుని కూర్చున్నాడు. గ్యాలరీలో పెద్ద జట్టు సెలెక్టర్లు ఉన్నారు, వాళ్ల నాన్న ఉన్నాడు. వెనక నుంచి కోచ్ అరుస్తున్నాడు. కుర్రాడు డాక్టర్ చెయ్యి పట్టుకుని, ‘ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి సార్, ఈ ఒక్క మ్యాచ్’ అని బతిమాలుతున్నాడు. ఎగ్జామినర్ రెండడుగుల దూరంలో నిలబడి, అభ్యర్థి వాడికేం చెబుతాడో విని మార్కులు వెయ్యాలి.