30 ఎంబీ వాడిని ముందు ఖాళీ చేయించండి

సి డ్రైవ్ కింద గీత ఎరుపెక్కింది. ఖాళీ జాగా పది శాతం కంటే తగ్గితే విండోస్ ఆ నీలి గీతను ఎర్రగా మారుస్తుంది, అది కంటబడగానే ఇంట్లోని గేమర్ అత్యవసర సమావేశం పెడతాడు. హాజరైనవాళ్ళు: తను, ఒక యూట్యూబ్ వీడియో, ఫోన్లో అవతల ఒక అన్న. "అన్నా, సి ఫుల్ అయిపోయిందన్నా." "సేవ్ ఫోల్డర్లన్నీ డి లోకి కొట్టెయ్ తమ్ముడూ, ఫ్రీ అయిపోద్ది." తీర్మానం ఏకగ్రీవం: ఆటలో మనం ఎక్కడిదాకా వచ్చామో రాసిపెట్టుకునే సేవ్ ఫైళ్ళను సి నుంచి లేపెయ్యాలి.

ఈ తీర్మానాన్ని నేను మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాను. జాగా చాలనప్పుడు అందరికంటే తక్కువ జాగాలో బతికేవాణ్ణి ముందు లేపడం మనకు కొత్తేమీ కాదు. రోడ్డు ఇరుకైందని తేలిన రోజు మొదట కదిలేది మిరపకాయ బజ్జీల బండి, రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన నాలుగంతస్తుల షోరూము మెట్లు కాదు. కంప్యూటర్లో మాత్రం వేరే న్యాయం ఎందుకుండాలి?

లెక్కలు అడిగే చాదస్తపు మనుషులు కొందరుంటారు కాబట్టి లెక్కలు కూడా చూద్దాం. ఎల్డెన్ రింగ్‌కి 60 జీబీ కావాలని ఆట అమ్మేచోటే రాసి ఉంటుంది. అందులో మీరు నెలల తరబడి చస్తూ బతుకుతూ పెంచుకున్న పాత్రలు, పదింటి దాకా, అన్నీ కలిపి ఒక్క ఫైల్లో ఉంటాయి, దాని సైజు 30 ఎంబీ లోపు. అంటే రెండు వేల వంతుల్లో ఒక వంతు. జీటీఏ శాన్ ఆండ్రియాస్ మరీ పేదది, ఒక్కో సేవ్ సుమారు 200 కేబీ, ఎనిమిది స్లాట్లూ నింపినా పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పడే గుడ్ మార్నింగ్ వీడియో అంత ఉండదు. సైబర్‌పంక్ 2077 అయితే 2020 డిసెంబరులో వచ్చిన కొత్తలో పీసీ మీద సేవ్ ఫైలు 8 ఎంబీ దాటితే చెడిపోయేది, తర్వాత ప్యాచ్ వేసి ఆ హద్దు తీసేశారు. ఎనిమిది ఎంబీ దాటడమే నేరంగా బతికిన జాతి ఇది. దీనివల్లే డ్రైవ్ నిండిపోయిందని తేల్చిన అన్నకి దండం పెట్టాలి.

మరో పక్క 2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ కనీసం 175 జీబీ కావాలని ముందే చెప్పింది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అని కొన్న లాప్‌టాప్‌లో విండోస్ చూపించేది 238 జీబీ, తయారీదారు వెయ్యి లెక్కన కొలిస్తే విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది గనక. ఆ 238లో 175 పోగా మిగిలిన గదిలో విండోస్, ఆఫీసు, అక్క పెళ్ళి ఫోటోలు సర్దుకోవాలి. వీళ్ళెవరినీ కదిలించే ధైర్యం మనకు లేదు, సేవ్ ఫైలు అయితే నోరెత్తదు.

సరే, లేపాలంటే ముందు దొరకాలి కదా. ఇక్కడే మన తమ్ముడికి పరిపాలన అంటే ఏమిటో తెలిసొస్తుంది. మూడు రాజధానులు అన్నందుకే ఏళ్ళ తరబడి ధర్నాలు, కోర్టులు నడిచిన రాష్ట్రం మనది, సేవ్ ఫైళ్ళకు అయిదారు రాజధానులున్నా అడిగినవాడు లేడు. స్కైరిమ్ డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ అనే ఫోల్డర్లో కూర్చుంటుంది. విచర్ 3 అదే డాక్యుమెంట్స్‌లో వేరు కాపురం. విండోస్ విస్టా కాలంలో, అంటే 2007లో, ఈ గొడవంతా తీర్చడానికని మైక్రోసాఫ్ట్ సేవ్డ్ గేమ్స్ అని ప్రత్యేకంగా ఒక ఫోల్డర్ కట్టించి ఇచ్చింది, సైబర్‌పంక్ లాంటి బుద్ధిమంతులు కొందరు తప్ప అటు వెళ్ళినవాళ్ళు తక్కువ. ఎక్కువమంది యాప్‌డేటాలో దాక్కుంటారు, అది మామూలుగా కంటికి కనపడని ఫోల్డర్, దాని లోపల మళ్ళీ లోకల్ (Local), లోకల్‌లో (LocalLow), రోమింగ్ (Roaming) అని మూడు వాటాలు. రోమింగ్ అనేది ఆఫీసుల్లో ఉద్యోగి ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తన సెట్టింగులు వెంట వచ్చేలా పెట్టిన ఏర్పాటు. అందులో ఇప్పుడు మైన్‌క్రాఫ్ట్ ప్రపంచాలూ స్టార్‌డ్యూ వ్యాలీ పొలాలూ ఉన్నాయి. (మైన్‌క్రాఫ్ట్ వాళ్ళకు ఈ వ్యాసం నుంచి మినహాయింపు ఇస్తున్నాను, మీరు తిరిగే కొద్దీ ప్రపంచం పెరిగి నిజంగానే జీబీల్లోకి పోతుంది. మీరు నిరభ్యంతరంగా తరలించుకోండి.)

ఫోల్డర్ దొరికింది, కట్ చేసి డి లో పేస్ట్ చేశారు. ఆట తెరిస్తే న్యూ గేమ్ అని ఒక్కటే కనపడుతుంది, ఎందుకంటే ఆ అమాయకురాలు పాత చిరునామాకే వెళ్ళి తలుపు కొట్టింది. అప్పుడు అన్న అసలు విద్య బయటికి తీస్తాడు: ఎమ్‌కేలింక్. కమాండ్లు కొట్టే బ్లాక్ స్క్రీన్ (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి ఎమ్‌కేలింక్, స్లాష్ జే, ముందు పాత చిరునామా, తర్వాత కొత్త చిరునామా. దీన్ని జంక్షన్ అంటారు. సామాను డి లో ఉంటుంది, సి లో ఆ పేరుతో ఒక దారి మిగులుతుంది, ఆటకు తేడా తెలియదు. నిజం చెప్పాలంటే చక్కటి ఏర్పాటు, విండోస్ 2000 నాటి నుంచీ ఉన్నదే. కాకపోతే పాత చోట అదే పేరుతో ఫోల్డర్ ఇంకా ఉంటే లింకు పుట్టదు, పవర్‌షెల్ అనే ఇంకో కమాండ్ల కిటికీలో కొడితే ఆ కమాండే తెలియదంటుంది, లైనక్స్ అలవాటున్నవాడికి ముందు వెనకలు తారుమారవుతాయి. ఇన్ని దాటుకుని లింకు కుదిరిన క్షణంలో తమ్ముడి మొహం చూడాలి, ఇస్రోలో చప్పట్లు కొట్టేవాళ్ళ మొహాలు గుర్తొస్తాయి. ఇంతా చేస్తే ఖాళీ అయిన జాగా 30 ఎంబీ.

ఇంతకీ డి డ్రైవ్ అంటే ఏమిటి? చాలా ఇళ్ళలో అది వేరే డిస్కే కాదు. ఫార్మాట్ చేసిచ్చిన సర్వీసు కుర్రాడు ఉన్న ఒక్క డిస్కునే సి, డి, ఈ అని కోసి ఇచ్చిన ముక్క. డిస్కు పోయిన రోజు మూడూ కలిసే పోతాయి. అయినా "సేవ్‌లు డి లో ఉన్నాయి, సేఫ్" అని తమ్ముడు హాయిగా నిద్రపోతాడు, అతని నిద్ర చెడగొట్టడం నాకిష్టం లేదు. ఇంకొందరు యూఎస్‌బీ డిస్కుకు జంక్షన్ వేస్తారు. ఆ డిస్కును చెల్లి సినిమా ఎక్కించుకోవడానికి పీక్కుపోతుంది, ఇటు ఆటకు దారి చివర ఇల్లే కనపడదు.

ఇక ఎవరూ పేరెత్తకూడని పెద్దమనుషులు. కంప్యూటర్ హైబర్నేట్ అయ్యేటప్పుడు, అంటే తెరిచినవన్నీ అలాగే దాచుకుని ఆగిపోయేటప్పుడు, పనికొచ్చే హైబర్‌ఫిల్ డాట్ సిస్ అనే ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం సైజు తీసుకుంటుంది, 16 జీబీ ర్యామ్ ఉంటే ఆరు జీబీ దాటుతుంది. హైబర్నేట్ ఎప్పుడూ వాడనివాడు పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హెచ్, ఆఫ్ అని ఒక్క ముక్క కొడితే అంతా ఖాళీ (కంప్యూటర్ త్వరగా లేచే ఫాస్ట్ స్టార్టప్ కూడా దాంతోపాటే పోతుంది, అది వేరే సంగతి). ఆటలు అమ్మే స్టీమ్‌లో ఆట మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే ఆట మొత్తాన్ని వేరే డ్రైవ్‌కి పంపే బటన్ కంపెనీయే పెట్టింది, 60 జీబీ ఒక్క దెబ్బతో కదులుతుంది. "హార్డ్ డిస్క్‌లోకి పోతే లోడింగ్ లేటవుద్దన్నా" అంటాడు తమ్ముడు. నిజమే. రెండేళ్ళుగా తెరవని ఆట కూడా అంతే వేగంగా లోడ్ కావాలి మరి.

అలా 30 ఎంబీ చేతికొచ్చింది. ఆ ఉత్సాహంలో సేల్‌లో ఉన్న బాల్డర్స్ గేట్ 3 కొనేస్తాడు, 150 జీబీ. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలని అడిగే చిన్న పెట్టెలో సి డ్రైవ్ ముందే ఎంపికై ఉంటుంది, మార్చాలంటే ఒక క్లిక్కో రెండు క్లిక్కులో కావాలి, ఇప్పుడే అన్ని కమాండ్లు కొట్టి అలసిపోయినవాడికి అంత ఓపిక ఎక్కడిది?