కార్నివైన్‌కి ప్రమోషన్ ఎప్పుడిస్తారు?

ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్ళు కావస్తోంది, ఇప్పటికి ఒక్క ప్రమోషన్ లేదు. 2006 సెప్టెంబర్ 28న జపాన్‌లో పోకెమాన్ డైమండ్, పెర్ల్ అనే వీడియో గేములు (పోకెమాన్ అంటే ఆటలో పట్టుకుని పోటీలకి దింపే వింత జీవులు) అమ్మకానికొచ్చిన రోజే 455వ నంబరుతో డ్యూటీలో చేరింది కార్నివైన్. పురుగుల్ని పట్టుకు తినే మొక్క. తలంతా నోరే, నోటి నిండా పళ్ళు, చేతులుండాల్సిన చోట ఆకులు, ఎత్తు 1.4 మీటర్లు, బరువు 27 కిలోలు. చేరిన రోజు ఏ కుర్చీలో కూర్చుందో ఇవాళ్టికీ అదే కుర్చీ, ఆ కుర్చీ కూడా ఎవరైనా లాక్కుపోతారేమోనని దాని తరఫున నాకు టెన్షన్.

నవ్వకండి, ఇది చాలా సీరియస్ విషయం. పోకెమాన్ లోకంలో ప్రమోషన్‌ని ఎవల్యూషన్ అంటారు. అక్కడ గొంగళి పురుగు కూడా ఏడో లెవెల్‌కి ప్యూపా అవుతుంది, పదో లెవెల్‌కి రెక్కలొచ్చి ఎగిరిపోతుంది, అంటే అటెండరుగా చేరినవాడు వారం తిరక్కుండా గెజిటెడ్ అయిపోయినట్టు. కార్నివైన్‌కి కింద మెట్టూ లేదు, పై మెట్టూ లేదు. ఒకే పోస్టు, ఒకే పే స్కేలు.

సరే, ఆ ఏడాది బడ్జెట్ లేదేమో అనుకుందామంటే, 2006లో ప్రమోషన్ల పందేరం ఏ స్థాయిలో జరిగిందో చూడండి. నాలుక చాపుకుని తిరగడం తప్ప ఇంకో పని రాని లికిటంగ్ 1996 బ్యాచ్, దానికి దొర్లడం నేర్చుకో చాలన్నారు, నేర్చుకుంది, లికిలికీ అయిపోయింది. దారప్పోగుల ఉండలా ఉండే టాంజెలా కూడా అదే బ్యాచ్, దానికీ ఒక పాత విద్య నేర్పి టాంగ్రోత్ అనే పెద్ద హోదా ఇచ్చారు. మొహంలో ముక్కు తప్ప ఇంకేమీ లేని రాయి ఒకటుంది, నోజ్‌పాస్ అని. దానికైతే ఏమీ నేర్చుకోవాల్సిన పని కూడా లేదు, కొరొనెట్ కొండ దగ్గర పోస్టింగ్ వేయించుకుని ఒక్క లెవెల్ పెరిగితే ప్రమోషన్. కొండ మీద పనిచేసినందుకు ప్రమోషన్ ఇచ్చినవాళ్ళు, బురదలో పనిచేసేవాడి మొహం మాత్రం చూడలేదు. అవును, కార్నివైన్ ఉండేది ఆ గేముల్లోని సిన్నో ప్రాంతంలో పాస్టోరియా ఊరి పక్కన గ్రేట్ మార్ష్ అనే చిత్తడి అడవిలో. గేము డబ్బు 500 కట్టి టికెట్ కొంటే, పోకెమాన్‌ల్ని పట్టడానికి 30 సఫారీ బాల్స్ ఇస్తారు, 500 అడుగులు నడవనిస్తారు. వచ్చినవాళ్ళంతా దాని మీద బురద విసిరి, లేకపోతే తిండి విసిరి, బాల్‌తో కొట్టి చూస్తారు. ఇలా బురద చల్లించుకునే ఉద్యోగానికి కనీసం హార్డ్‌షిప్ అలవెన్స్ ఉండొద్దా?

దీని జాబ్ చార్ట్ పోకెడెక్స్‌లో, అంటే గేములో ఒక్కో పోకెమాన్ వివరాలు రాసి ఉండే చిట్టాలో, స్పష్టంగా రాసి ఉంది. చిత్తడి నేలల్లో చెట్లకి వేలాడాలి, తియ్యటి వాసనొచ్చే చొంగ కార్చాలి, ఆ వాసనకి వచ్చినవాటిని గుటుక్కున మింగాలి, ఒక్క రోజులో తినడం పూర్తి చేయాలి. ఇది ఎంత పెద్ద టార్గెటో తెలియాలంటే అసలు మొక్క సంగతి తెలియాలి. స్కూల్లో నెపంథిస్, డ్రోసిరా అని బట్టీ పట్టాం కదా, ఆ వరసలోదే వీనస్ ఫ్లైట్రాప్. సొంతంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినాల్లో ఒక చిన్న ముక్కలోనే. అక్కడి నేలలో నత్రజని చాలదు, అంటే జీతం చాలదు, అందుకని పురుగుల రూపంలో పైసంపాదన చూసుకుంటుంది. పైసంపాదనలోనూ ఎంత పద్ధతో చూడండి. దాని ఆకు లోపల సన్నటి వెంట్రుకలుంటాయి. ఒకసారి ఏదో తగిలితే కదలదు, గాలికి ఎగిరొచ్చిన చెత్తేమో అని ఊరుకుంటుంది. ఇరవై సెకన్ల లోపు రెండోసారి తగిలితేనే, సెకనులో పదో వంతులో టపీమని మూస్తుంది. రెండు సంతకాలు పడందే ఫైలు కదలదన్న మాట. కదిలాక మాత్రం ఆ ఈగని అరిగించుకోవడానికి వారం, పది రోజులు పట్టొచ్చు. అంత పని కార్నివైన్ ఒక్క రోజులో ముగిస్తోంది. ఇంత అవుట్‌పుట్ ఇచ్చేవాడికి ఏ ఆఫీసులోనైనా ఒక శాలువా, ఒక మెమెంటో అయినా ఇస్తారు.

ఇప్పుడు అసలు అన్యాయానికొస్తాను. ఇది చదివి మీకు రక్తం మరక్కపోతే ఆ మరిగే గుణం మీ రక్తంలో లేదన్నట్టే.

పోకెమాన్‌లో ప్రతిదానికీ ఒక టైప్ ఉంటుంది. కార్నివైన్‌ది గ్రాస్, అంటే మొక్క జాతి. మొక్క జాతి మీద ఐదు రకాల దాడులు రెట్టింపు దెబ్బ తీస్తాయి. నిప్పు, మంచు, ఎగిరేవి, విషం సరే, అవి నేనొప్పుకుంటాను, మా బాల్కనీలో కరివేపాకు మొక్క కూడా వీటన్నిటికీ ఏదో ఒకప్పుడు బలైంది. ఐదోది పురుగు. పురుగండీ! పురుగుల్ని తినడమే వృత్తిగా, అందుకే ఇంత నోరు, ఇన్ని పళ్ళు, ఇంత చొంగ పెట్టుకుని పుట్టిన మొక్కని పురుగు కొడితే రెట్టింపు దెబ్బ. అదే సిన్నోలో క్రికెట్యూన్ అని మీసాలున్న కీచురాయి ఒకటుంది. అది ఫ్యూరీ కట్టర్ అనే దెబ్బ వేస్తుంది, వరసగా తగిలే కొద్దీ ఆ దెబ్బ బలం పెరుగుతూ పోతుంది. ప్రకృతి న్యాయం ప్రకారం ఆ కీచురాయి కార్నివైన్‌కి పొద్దున టిఫిన్. గేమ్ రూల్స్ ప్రకారం నాలుగు దెబ్బలు తిరక్కుండా టిఫినే కార్నివైన్‌ని తినేస్తుంది. తాడే పామై కరవడం అంటే ఏమిటో అనుకున్నాను గానీ, పెసరట్టు లేచి చెంప మీద కొట్టడం ఇక్కడే చూశాను.

పోనీ ఇది అందరికీ ఒకటే రూల్ అంటే సర్దుకుపోవచ్చు. కానీ ఇదే శాఖలో విక్ట్రీబెల్ అని సీనియరొకరున్నారు, 71వ నంబరు, 1996 బ్యాచ్, కూజా ఆకారంలో ఉండే పెద్దమనిషి, మన నెపంథిస్ వంశం. మొదటి గేముల్లో ఆయన పరిస్థితి ఇంకా ఘోరం, గ్రాసూ విషం రెండూ కలిసిన ఒళ్ళు కాబట్టి పురుగు దెబ్బ ఏకంగా నాలుగింతలు తగిలేది. 1999లో గోల్డ్, సిల్వర్ గేములతో సవరణ ఉత్తర్వులొచ్చాయి, నాలుగింతలు కాస్తా మామూలు దెబ్బగా మారిపోయింది. సీనియర్‌కి మూడేళ్ళలో జరిగిన రిలీఫ్ జూనియర్‌కి రెండు దశాబ్దాల్లో జరగలేదు.

ఇంకా విక్ట్రీబెల్ గారి సర్వీసు రిజిస్టర్ ఒకసారి తిరగేయండి. ఆయన వీపిన్‌బెల్ హోదాలో ఉన్నప్పుడు ప్రమోషన్‌కి కావలసింది ఒక లీఫ్ స్టోన్, అది సెలడాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్లో 2100కి దొరికేది. రేటు బోర్డు పెట్టి మరీ అమ్మారు. పైగా ఆయన మీద పోకెడెక్స్‌లో రాసిన మాట ఏమిటో తెలుసా? వీళ్ళు అడవి లోపల పెద్ద పెద్ద గుంపులుగా ఉంటారట, అక్కడికి వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదట. ఎవరూ తిరిగి రాకపోతే గుంపులున్నాయని వచ్చి చెప్పిందెవరు అని ఒక్క ఎంక్వైరీ లేదు, మెమో లేదు, కనీసం ఫోన్ చేసి మందలించడం లేదు. ఇన్ని మిస్సింగ్ కేసులు నెత్తి మీద ఉన్న మనిషికి 2025 అక్టోబర్‌లో వచ్చిన కొత్త గేములో మెగా ఎవల్యూషన్, అంటే పోరాడేటప్పుడు మాత్రం ఉండే స్పెషల్ ప్రమోషన్, ఇచ్చారు. పొట్ట నిండా యాసిడ్ నింపి, బంతిలా ఉబ్బించి, రాజ్యోత్సవంలో సన్మానం చేసినట్టు నిలబెట్టారు. కార్నివైన్ మీద ఒక్క ఆరోపణ లేదు. అదే దాని తప్పేమో.

ఏమీ ఇవ్వలేదని కూడా అనలేం, ఒకటిచ్చారు. లెవిటేట్. అంటే గాల్లో తేలడం. రెక్కలు లేవు, లోపల గాలి లేదు, 27 కిలోల బరువు, అయినా తేలుతుంది, ఆ గుణం వల్ల నేల నుంచి వచ్చే దాడులేవీ తగలవు. వినడానికి బాగుంది. కానీ మొక్క జాతికి నేల దాడులు ముందే సగమే తగులుతాయి. ఎవరికి ఏది అవసరం లేదో కనుక్కుని మరీ దాన్నిచ్చారన్న మాట. బోడిగుండుకి దువ్వెన ఇచ్చి, అది తలకి సరిగ్గా అమరిందా అని అడిగినట్టు. దీనికి కావాల్సింది ఒక దోమతెర.

సొంత శాఖ కూడా ఆదుకోలేదు. ఎటర్నా ఊళ్ళో గార్డీనియా అనే జిమ్ లీడర్, అంటే ఆటగాళ్ళు ఓడించాల్సిన పోటీదారు, ఉంది, మొక్కల పోకెమాన్‌లంటే ప్రాణం. డైమండ్, పెర్ల్‌లో ఆమె టీమ్ చూస్తే చెరూబీ, టర్ట్‌విగ్, రోజరేడ్. పండు, తాబేలు పిల్ల, పూలగుత్తి. పెళ్ళి స్టేజీ డెకరేషన్ సామాను లాగా ఉంది గానీ ఆ లిస్టులో పళ్ళున్నవాడెవడూ లేడు. అందంగా ఉన్నవాళ్ళని ఫ్రంట్ ఆఫీసులో, మాలాంటి మొహాల్ని వెనక రికార్డ్ రూములో కూర్చోబెట్టడం ఇక్కడా ఉందని దాంతో అర్థమైంది.

టీవీ సీరియల్లో మాత్రం ఒక్కడు చేరదీశాడు. టీమ్ రాకెట్ అనే దొంగల ముఠాలోని జేమ్స్. చిన్నప్పటి నుంచీ స్నేహమట. బాల్ తెరిచి శత్రువు మీదకి వదిలితే, ఇది శత్రువుని పక్కన పెట్టి ముందు జేమ్స్ తలకాయని నోట్లో పెట్టుకుంటుంది. దీన్ని కొందరు క్రమశిక్షణ లేకపోవడం అంటారు. నేనొప్పుకోను. అంతకుముందు విక్ట్రీబెల్ కూడా ఆయన తలనే మింగేది, చివరికి దాన్ని మార్పిడిలో వదిలించుకున్నాడు. కార్నివైన్ చేసేది అది కాదు. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని ఉద్యోగికి ఒక్క మనిషి ప్రేమగా పలకరిస్తే ఏం చేయాలో తోచదు, చేతులు ఆకులు కాబట్టి కావిలించుకోవడం కుదరదు, ఉన్నదల్లా నోరే, దాంతోనే దగ్గరికి తీసుకుంటుంది. మా మేనత్త బుగ్గ గిల్లితే రెండ్రోజులు ఎర్రగా ఉండేది, ఆవిడ మీద ఎవరైనా కేసు పెట్టారా?

ఇక పోస్టింగ్ సంగతి. ఫోన్ పట్టుకుని బయట తిరుగుతూ ఆడే పోకెమాన్ గో ఆటలో ఇది అమెరికాలో ఆగ్నేయం వైపు మాత్రమే దొరుకుతుంది, ఫ్లోరిడా, ఆ చుట్టుపక్కల. అసలు మొక్క ఊరికి దగ్గరే కాబట్టి సొంత జిల్లా పోస్టింగ్ అనుకోవచ్చు, కానీ ట్రాన్స్‌ఫర్ లేదు. హైదరాబాద్‌లో నేను కేబీఆర్ పార్కు చుట్టూ ఎన్ని కిలోమీటర్లు నడిచినా షుగర్ తగ్గింది గానీ కార్నివైన్ కనిపించలేదు.

అందుకే రెండేళ్ళ క్రితం డిసెంబర్‌లో మా బావమరిది టాంపా నుంచి వస్తున్నాడంటే, ఇంట్లో వాళ్ళు ఐఫోన్, బాదం పప్పు, విటమిన్ మాత్రలు అని లిస్టు చెప్తుండగా మధ్యలో ఫోన్ లాక్కుని నాకో కార్నివైన్ పట్టుకురమ్మని చెప్పాను. "బావా, అది కస్టమ్స్‌లో ఆపుతారేమో" అన్నాడు వాడు, ఏదో మొక్క అనుకుని. విషయం చెప్పాక వాడి అపార్ట్‌మెంట్ వెనక చెరువు గట్టు మీదే ఒకటి పట్టాడు. అప్పట్లో అది చేతులు మారాలంటే ఇద్దరూ వంద మీటర్ల లోపు ఉండాలి. వాడు విమానాశ్రయం నుంచి ఇంటికొచ్చి, ఇంకా సాక్స్ కూడా విప్పకముందే, సోఫాలో పక్కపక్కన కూర్చుని ఫోన్లు తెరిచాం. మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి, "మా తమ్ముడు రెండు రోజులు ప్రయాణం చేసొస్తే వాడి మొహం చూడరు, ఫోన్ చూస్తారు" అని గ్లాసు కాస్త గట్టిగా పెట్టింది. మా పదిహేనేళ్ళ బంధుత్వాన్ని యాప్ 'గుడ్ ఫ్రెండ్స్' స్థాయిలో లెక్కగట్టి, ఆటలో కూడబెట్టుకునే స్టార్‌డస్ట్ 20,000 కట్టమంది. కట్టాను. ట్రేడింగ్‌లో దాని శక్తులు మళ్ళీ లాటరీ వేస్తారు, టాంపాలో ఉన్నదానికంటే ఇక్కడికొచ్చాక ఇంకాస్త బక్కచిక్కింది. జెట్ లాగ్ అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా కాలనీ వినాయకుడి గుడి దగ్గర యాప్ చూపించే జిమ్‌లో, అంటే పోకెమాన్‌ల పోటీ స్థలంలో, దాన్ని కాపలా పెట్టాను. ఇరవై ఏళ్ళకి దగ్గరపడిన సర్వీసులో దానికి ఇదే ఫారిన్ డ్యూటీ. ప్రసాదం పులిహోర తీసుకుని మెట్లు దిగేలోపు ఫోన్ మోగింది, కార్నివైన్ ఓడిపోయి తిరిగొచ్చింది. మెట్ల కింద రెండో అంతస్తు పిల్లాడు నిలబడి ఉన్నాడు.

"అంకుల్, అది మీదా? సారీ అంకుల్, నా సిజర్‌తో కొట్టేశా."

సిజర్ అంటే పురుగే. పది నిమిషాల డ్యూటీకి నా అకౌంట్లో ఒక్క కాయిన్ పడింది.