ఆలూ, వేలూ, ఒక పిప్పి పన్ను

తప్పంతా ఆ చెక్కదే. చెన్నైలో దాన్ని తట్టై అంటారు, మనం చెక్క అంటాం, ఈ ఒక్క విషయంలో మాత్రం మన పేరే నిజం చెప్తుంది. ఆదివారం సాయంత్రం ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో చెక్క పెట్టుకుని, కుడివైపు కింది దవడ పన్నుతో కొరికాను. టక్కుమంది. విరిగింది చెక్కే కదా అని నమిలి మింగేశాను కూడా. ఆ తర్వాత కాఫీ గుటక లోపలికి వెళ్ళి, ఎక్కడో తగలకూడని చోట తగిలాక గానీ అర్థం కాలేదు, నేను నమిలిన దాంట్లో నా సొంత సరుకు కూడా కొంత ఉందని.

అదేం కొత్త పన్ను కాదు లెండి. రెండేళ్ళ నుంచి దాంట్లో ఒక గొయ్యి ఉంది. వేరుశనగ పలుకో కొబ్బరి ముక్కో ఇరుక్కుంటే నాలుకతో పీక్కుంటూ ఆ పిప్పి పన్నుతో కాపురం చేస్తున్నాను. మా ఆవిడ రెండేళ్ళుగా "డాక్టరుకి చూపించండి" అని వేలు చూపించి మరీ చెప్తోంది. నాకు డాక్టరంటే భయం లేదు, ఆ కుర్చీ అంటేనే భయం. సెలూన్లో గడ్డం గీయడానికి కుర్చీ వెనక్కి వంచినా గుండె జారిపోయే రకం నేను.

పగలంతా గొణుక్కుంటూ ఉన్న నొప్పి రాత్రి పడుకోగానే మైకు అందుకుంది. పన్ను లోపల నరమూ రక్తనాళాలూ ఉండే చిన్న గది ఉంటుందట, దాని చుట్టూ గట్టి గోడలు కాబట్టి లోపల వాపొస్తే సాగడానికి చోటుండదట, పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువ చేరి ఒత్తిడి ఇంకా పెరుగుతుందట. ఇదంతా తర్వాత తెలిసిన జ్ఞానం. ఆ రాత్రికి నాకు తెలిసిందల్లా దవడలో ఎవరో కూర్చుని తవిల్ వాయిస్తున్నారని.

పొద్దున్నే పక్కింటి మామి కిరాంబు తైలం, అంటే మన లవంగ నూనె, చిన్న సీసా తెచ్చిచ్చింది. దూదికి ఒక్క చుక్క అద్ది పన్ను మీద మాత్రమే పెట్టుకోమని రెండుసార్లు చెప్పింది. పద్దెనిమిదేళ్ళ చెన్నై కాపురంలో నాకొచ్చిన తమిళం ఆటో బేరానికి సరిపోతుంది గానీ వైద్యానికి చాలదు. పైగా నొప్పి అంత ఉంటే ఒక్క చుక్కేంటి, కక్కుర్తి కాకపోతే, అని సీసా ఎత్తి పోసేశాను. లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్ అనే పదార్థం. అది నరాన్ని మొద్దుబారుస్తుంది, నిజమే, కానీ వేరే నూనెలో కలిపి పలచన చేయకుండా మెత్తటి చర్మం మీద పడితే కాలుస్తుంది కూడా. చిగురు, నాలుక, కింది పెదవి, గడ్డం దాకా మంట ఎత్తుకుంది, మంట తగ్గేసరికి అవన్నీ నావి కాకుండా పోయాయి. సరిగ్గా తొమ్మిదింటికి ఆఫీసు మీటింగు. పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలు మన భాషల్లోనూ ఇంగ్లీషులోనూ ఎన్ని ఉన్నాయో ఆ రోజే లెక్క తెలిసింది. "పేమెంట్ పెండింగ్" అన్నాను, అటువైపు "హేవెంట్ హెండింగ్" అని వినబడింది. మేనేజరు చాలా మర్యాదగా, మీ వైపు నెట్‌వర్క్ బాగాలేనట్టుంది సార్, మెయిల్ పెట్టేయండి అన్నాడు.

సాయంత్రం నాట్టు మరుందు కడైకి వెళ్ళాను. మన పచారీ కొట్టులాగే ఉంటుంది, కాకపోతే పప్పులకు బదులు వేళ్ళూ బెరళ్ళూ పొడులూ. కొట్టతను నా చెంప మీద చెయ్యి చూసి, అడక్కుండానే, ఏదో శ్లోకం చెప్పినట్టు "ఆలుం వేలుం పల్లుక్కు ఉఱుది" అన్నాడు. పల్లు అంటే పన్నే, ఉఱుది అంటే గట్టిదనం. ఇక మిగిలినవి రెండూ స్వచ్ఛమైన తెలుగే కదా! ఆలు అంటే పెళ్ళాం, వేలు అంటే వేలు. పెళ్ళామూ, ఆవిడ చూపించే వేలూ పంటికి బలం అని ఈ తమిళులు ఎంత అనుభవంతో చెప్పారండీ అని అక్కడే నిలబడి మెచ్చుకున్నాను.

అతను ఇచ్చిన పొట్లంలో ఇటుక రంగు పొడి ఉంది. ఇంటికొచ్చి తోముకుంటే నోరంతా పచ్చి వక్క నమిలినట్టు ముడుచుకుపోయింది, బనీను మీద పడ్డ మరకలు ఇప్పటికీ పోలేదు. మావాడు ప్లస్ టూ చదువుతున్నాడు, తమిళం బళ్ళో నేర్చుకున్నాడు కాబట్టి పొట్లం మీది పేరు చదివి నవ్వడం మొదలుపెట్టాడు. "నాన్నా, ఆల్ అంటే మర్రి, వేల్ అంటే తుమ్మ. మర్రి పుల్లా తుమ్మ పుల్లా పంటికి మంచివని సామెత. మీరు తెచ్చింది నల్లతుమ్మ బెరడు పొడి." మనం ఊళ్ళో వేప పుల్లా కానుగ పుల్లా నమిలినట్టే అన్నమాట. సామెతకి రెండో సగం కూడా ఉందట, "నాలుం ఇరండుం సొల్లుక్కు ఉఱుది" అని. నాలుగు పాదాల పద్యాల నాలడియారూ, రెండు పాదాల కురళూ మాటకు బలమని. అదంతా విన్నాక కూడా నాకు నా అర్థమే బాగుందనిపించింది.

మూడో రోజు మా ఆవిడ పెదనాన్నగారు రంగంలోకి దిగారు. పెరంబూరు ఐసీఎఫ్‌లో రైలు పెట్టెలు చేసి రిటైరయ్యాక ఆయన చెక్కపెట్టె ఒకటి కొన్నారు, అందులో బొటనవేలంత సీసాలు వందకు పైనే, అన్నిట్లోనూ ఒకేలాంటి తెల్ల మాత్రలు. తెలుగు బంధువర్గంలో ఇలాంటి హోమియో పెద్దాయన లేని ఇల్లు ఉంటే నాకు చూపించండి. ఆయన గోడ మీద వేంకటేశ్వర స్వామి పక్కనే హోమియోపతి కనిపెట్టిన హానెమాన్ పటం ఉంటుంది. ఏప్రిల్ 10 ఆ జర్మన్ డాక్టరు పుట్టినరోజు, మా పెద్దమామయ్య ఆ రోజు పటానికి దండ వేస్తారు. సింకోనా బెరడు తిని తనకే మలేరియా లక్షణాలు తెప్పించుకుని, దానిమీద ఆలోచించీ ఆలోచించీ 1796లో ముల్లును ముల్లుతోనే తీయాలనే సూత్రం లోకానికి ప్రకటించాడని, ఇదంతా నేను చెంప పట్టుకుని నిలబడి విన్నాను.

తర్వాత ప్రశ్నలు. "ఏమయ్యా అల్లుడూ, చల్లనీళ్ళు తగిలితే పెరుగుతుందా, తగ్గుతుందా? ఎడమా, కుడా? రాత్రి ఎన్నింటికి ఎక్కువ? కలలొస్తున్నాయా? చిరాగ్గా ఉంటోందా?" చిరాకు దగ్గర నేను ఆలోచించే లోపే మా ఆవిడ ఉంది అనేసింది. అయితే కామొమిల్లా కూడా చూడొచ్చు అన్నారాయన. పళ్ళొచ్చే పసిపిల్లలు ఊరికే ఏడుస్తూ, ఏదిచ్చినా విసిరికొడుతూ, ఎత్తుకుంటే తప్ప ఊరుకోకపోతే ఇచ్చే మందట అది. "సరిగ్గా ఈయనే పెదనాన్నా" అంది మా ఆవిడ, ఆ సమయంలో అవసరమా చెప్పండి.

చివరికి పెట్టెలోంచి హెక్లా లావా 30 బయటికొచ్చింది. ఐస్‌లాండులో హెక్లా అనే అగ్నిపర్వతం ఉంది, దాని లావా బూడిద నుంచి చేసిన మందు. నా పన్ను కోసం అంత దూరం నుంచి అగ్నిపర్వతం కదిలొచ్చిందంటే కళ్ళు చెమర్చాయి. నాలుగు మాత్రలు, రోజుకి రెండుసార్లు. నాలుం ఇరండుం! తమిళ సామెత రెండో సగం కూడా తెలుగులో తీరిపోయింది.

మావాడు ఊరుకోలేదు. 30 అంటే ఒక వంతు మందుని 99 వంతుల పాలచక్కెరలోనో సారాలోనో కలపడం, అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ 99 వంతుల్లో కలపడం, ఇలా 30 సార్లు. అంటే 1 పక్కన 60 సున్నాలు. "తాతయ్యా, 12 సార్లు కలిపేసరికే అవొగాడ్రో సంఖ్య దాటిపోతుంది, అసలు మందు అణువు ఒక్కటైనా మిగలడం కష్టం, ఆ తర్వాత 18 సార్లు దేన్ని దేంట్లో కలుపుతున్నట్టు?" అన్నాడు. ఆయన ఏ మాత్రం కంగారు పడకుండా "ప్రతిసారీ గట్టిగా కుదుపుతారురా. మీ మాస్టారు కలపడం నేర్పాడు, కుదపడం నేర్పలేదు" అన్నారు. ఐసీఎఫ్ మనిషి కదా, కుదుపుల గురించి ఆయనకు తెలిసినంత మనకేం తెలుస్తుంది.

మందు తియ్యగానే ఉంది. పథ్యమే చంపేసింది. కాఫీ బంద్, పచ్చి ఉల్లిపాయ బంద్, కర్పూరం వాసన కూడా తగలకూడదు. లవంగ నూనె అయితే అసలు మందునే విరిచేస్తుందట. పుదీనా వాసన ఉన్న పేస్టూ వద్దు, పైగా అందులో ఫ్లోరైడు విషం అన్నారు. మాది కనిగిరి వైపు, ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళ మీద గోధుమరంగు చారలతో తిరిగిన పిల్లల్తోనే నేను బడికెళ్ళాను, కాబట్టి ఆయన్ని పూర్తిగా కాదనలేను. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి ఏళ్ళ తరబడి కడుపులోకి పోతే అలా అవుతుంది. తోముకుని ఉమ్మేసే పేస్టు సంగతి వేరు. అయినా మందు తగ్గేకొద్దీ బలం పెరుగుతుందనే ఆయన లెక్కలో చూసినా పేస్టులో ఉన్న ఆ కాస్త ఫ్లోరైడుకి దండ వేయాలి కదా అనిపించింది, అనలేదు. అల్లుణ్ణి.

మరి నోరు దేంతో కడుక్కోవాలి? పెద్దత్తయ్య నువ్వుల నూనె పుక్కిట పట్టమంది. ఆయుర్వేదంలో దీనికి రెండు పద్ధతులున్నాయి, నోట్లో తిప్పడానికి చోటుండేలా పట్టేది కవళం, కదపడానికి కూడా వీల్లేకుండా నిండా పట్టి ఉంచేది గండూషం. నాకు ఏదైనా నిండుగా చేయడమే అలవాటని ఈపాటికి తెలిసే ఉంటుంది. పదిహేను నిమిషాలు, ఒక్క నిమిషం తగ్గినా ఫలితం ఉండదని పెద్దత్తయ్య మాట. పన్నెండో నిమిషంలో కాలింగ్ బెల్ మోగింది.

గ్యాస్ అబ్బాయి. సిలిండర్ లోపల దొర్లించి "ఓటీపీ సొల్లుంగ సార్" అన్నాడు. మా ఆవిడ స్నానానికి వెళ్ళింది, మావాడు ట్యూషన్లో ఉన్నాడు. నంబరు పొద్దున్నే మెసేజీలో చూశాను, గుర్తుంది, 7092. చెప్పాలంటే నోరు తెరవాలి. సరే వేళ్ళున్నాయి కదా! ఏడు బాగానే వెళ్ళింది, ఒక చేత్తో అయిదు, ఇంకో చేత్తో రెండు. సున్నాకి ఏం చూపించాలో తెలియక పిడికిలి బిగించాను. అతను ఒక అడుగు వెనక్కి వేసి "ఎన్న సార్, అడిక్క వరీంగళా?" అన్నాడు, కొడతారా ఏంటని. కంగారుగా తల అడ్డంగా ఊపి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాను. అతని మొహం వెలిగిపోయింది. "సూపరా? థ్యాంక్స్ సార్!" అన్నాడు.

అంతే, నవ్వు ఆగలేదు. బుగ్గలు రెండూ ఉబ్బి, ముక్కు ద్వారా ముందు ఒక చుక్క వచ్చి, ఆ వెనక మొత్తం పన్నెండు నిమిషాల గండూషం అతని ఖాకీ చొక్కా మీదా, బిల్లు పుస్తకం మీదా, కొత్త సిలిండర్ మీదా పడింది. ఫోన్ తెచ్చి మెసేజీ చూపిస్తే సరిపోయేదన్న తెలివి నూనె మొత్తం బయటికి పోయాక వచ్చింది. ఈ గొడవకి మా ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, గడప దగ్గర జారే నూనెనీ, ఆ అబ్బాయి మొహాన్నీ, నన్నూ వరసగా చూసి, వేలు ఎత్తింది. ఏమీ అనలేదు. చొక్కా ఉతికించుకోమని అతనికి రెండొందలు ఇచ్చింది.

అయిదో రోజు పొద్దున్న లేచేసరికి నొప్పి లేదు. గుచ్చి చూశాను, లేదు. మామి లవంగ నూనె అంది, పెద్దత్తయ్య నువ్వుల నూనె అంది, తుమ్మ పొడి కొట్టతను కనబడిన ప్రతిసారీ తల పంకించడం మొదలుపెట్టాడు. పెద్దమామయ్య అయితే నోటుబుక్కు తీసి తేదీ వేసి, కేసు అల్లుడు, మందు హెక్లా లావా 30, ఫలితం సంపూర్ణం అని రాసి సంతకం పెట్టారు. నేను స్ట్రాంగుగా డికాషన్ వేయించుకుని కాఫీ తాగాను. వేడి తగిలినా చలనం లేదు. ఆహా అనుకున్నాను.

సరిగ్గా ఎనిమిది రోజులకి కుడి బుగ్గ బందరు లడ్డూ అంత అయింది. అద్దంలో చూసుకుంటే సగం నేను, సగం మా మేనమామ. ఈసారి మా ఆవిడ వేలు చూపించలేదు, స్కూటర్ తాళాలు చూపించింది.

డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి. ఆ పంటికి చల్లటి దూది ఆనించి తెలుస్తోందా అంది, లేదన్నాను గర్వంగా. ఎక్స్‌రే చూపించి చెప్పింది, నొప్పి తగ్గడం కాదు సార్, నొప్పి చెప్పే నరం చచ్చిపోయింది, చీము వేరు చివరికి దిగింది అని. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, మొరిగే కుక్క చచ్చింది, నేనేమో నిశ్శబ్దంగా ఉందని కాఫీ తాగుతూ కూర్చున్నాను.

కుర్చీ వెనక్కి వంగింది. మత్తు సూది చీమ కుట్టినంతే, ఆ తర్వాత గుయ్యిమనే చప్పుడు తప్ప ఇంకేం లేదు, రెండేళ్ళు దీనికా భయపడింది అనుకోవడానికి కూడా సిగ్గేసింది. మూడోసారి వెళ్ళినప్పుడు తాత్కాలికంగా పన్ను మూస్తుంటే ఎక్కడో తెలిసిన వాసన వచ్చింది. అడిగాను. జింక్ ఆక్సైడు, యూజినాల్ కలిపిన సిమెంటట. లవంగ నూనే! మామి మాట అబద్ధం కాదు, ఒక్క చుక్క అన్నదే నేను వినలేదు.

పెద్దమామయ్యకి ఫోన్ చేసి సంగతి చెప్తే అటువైపు కాసేపు మౌనం. తర్వాత, "మధ్యలో కాఫీ తాగావుగా" అన్నారు. నోటుబుక్కులో సంపూర్ణం కొట్టేసి ఏం రాశారో అడిగే ధైర్యం నాకు లేదు.

ఆఖరి రోజు పక్క పంటి గొయ్యి కూడా పూడుస్తానని డాక్టరమ్మ మళ్ళీ మత్తు సూది ఇచ్చింది. అయ్యాక కౌంటర్ దగ్గర బిల్లు వచ్చింది. రూట్ కెనాల్ ఆరు వేలు, పైన తొడుగు ఏడు వేలు, ఈ కొత్త గొయ్యికి ఒకటిన్నర. మా ఆవిడ బ్యాగు తెరిచి కార్డు తీస్తోంది. అప్పుడు తట్టింది నాకు. ఆలు పక్కన నిలబడి ఉంది, వేలు బల్ల మీద ఉన్నాయి, మధ్యలో పన్ను గట్టిగా ఉంది. ఆ కొట్టతను చెప్పింది అక్షరాలా నిజం! ఈ ముక్క మా ఆవిడతో అప్పుడే చెప్పాలని నోరు తెరిచాను గానీ, నాలుకా పెదవీ సగం నావి కాకపోవడంతో "ఆహూ, హేహూ" అని మాత్రమే వచ్చింది.

"మళ్ళీ ఏమైంది, నొప్పా?" అని వేలెత్తింది.