మన చేపల వంతు ఎప్పుడొస్తుంది

పార్లమెంటు కమిటీ మత్స్యకారుల గోడు ఎందుకు పట్టించుకోదని ఆర్టికల్లో అడిగారు కదా, అసలు చేపలకంటూ వేరే కమిటీనే లేదండి, 2019లో శాఖ విడిగా పెట్టారు గానీ కమిటీ మాత్రం వ్యవసాయం, పశువులు, ఫుడ్ ప్రాసెసింగ్ అన్నిటికీ కలిపి ఒక్కటే, అందులో 31 మంది ఎంపీలు. ఏటా కొత్త కమిటీ వేసినప్పుడు సబ్జెక్టులు ఎంచుకుంటారు, బడ్జెట్ పద్దులు ఎలాగూ చూడాల్సిందే, ఇక వరి, ఎరువులు, పాలు దాటాకే మన వంతు. పైగా రోజువారీ పాలన జోలికి పోకూడదని రూలు ఒకటి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సర్కారు నిషేధం వల్ల వేట ఆపేసి ఉప్పాడ ఒడ్డున వల బాగుచేసుకుంటూ కూర్చున్న మా బాబాయి, భృతి ఎప్పుడు పడుద్దిరా అంటాడు, అది రాష్ట్రం స్కీమే అనుకోండి, ఢిల్లీలో మా గోడు ఎవరికి పట్టింది? మన తీరం ఎంపీలెవరన్నా ఆ కమిటీలో ఉన్నారేమో ముందు అది చూసి రాయండి సార్.